వాకబులే

"బస్టాండా? వాకబులేనండీ.
స్కూలు? అదీ వాకబులే."
నల్లపాడు రోడ్డులో వాటా చూపిస్తూ
బ్రోకరు మస్తానయ్య.

మిట్టమధ్యాహ్నం నడిచి చూశాను.
మూడు స్పీడు బ్రేకర్లు,
మిర్చి టిక్కీల లారీ వెనక ఏడు తుమ్ములు,
ఒక గోలీ సోడా.
బస్టాండు ఇంకా రాలేదు.

మా నాయనమ్మకి కూతవేటు చాలు.
చేనెంత దూరమో
గొంతుతో కొలిచేది.
ఇక్కడ కూతేస్తే
హారన్లు పలుకుతాయి.

నిలదీద్దామనే వెనక్కొచ్చాను.

మూడు చక్రాల స్కూటీ మీద కూర్చుని
కుడికాలిని రెండు చేతుల్తో ఎత్తి
లోపల పెట్టుకుంటున్నాడు.

"ఎంతసేపు పట్టిందండీ?"
నిజంగా తెలియకే అడిగినట్టున్నాడు.

పది నిమిషాలన్నాను.
అడ్వాన్సు లెక్కపెట్టాను.