పసుపు చేవ

హైమాల ఎండ రందా వట్టినట్టుంటది,
పొర పొర దీస్తది మొఖం మీద.
ముసల్లం ఇంటెన్క గదికి రెండు కిటికీలు.
రెండూ తెరిచే ఉండాలె అంటడు.
ఆ రాళ్ల ఊపిరి లోపట్నే నిలువొద్దట.

అల్మారా చెయ్యాలని పిలిపిచ్చిండు నన్ను.
సర్వే బండ్లు నడిపి నడిపి ఇంట్ల కూసున్న మనిషి,
గడ్డం ఉప్పురంగు.
నజ్జార్ అంటడు. వాళ్ల తాన వడ్లాయనకు అదే పేరు.
నేను ఓదేలునని పదకొండేండ్ల సంది
ఈ దేశంల లేబర్ కార్డుకు ఒక్కదానికే ఎరుక.

అరచేతుల ఒక తునక వెట్టిండు.
కట్టె అనుకోని వట్టుకున్న, చెయ్యి కిందికి గుంజింది.
రాయి.
అయినా నార ఉన్నది. ముడి ఉన్నది.
కొమ్మ పుట్టిన కాడ నార పక్కకు జరిగి
తొవ్విచ్చిన వంపున్నది.
గసొంటి వంపుల కాడనే కదా
నా ఉలులు ఎన్ని మొండివోయినయో.
గోటితోని వలయాలు లెక్కవెట్టిన. ఇరవై ఒకటి.
పద్నాలుగోది ఎంట్రుకంత సన్నం.
ఆ ఏడు వానలు వడలె.

పగులు పొంట పసుపు.
పొద్దుగాల గడపకు పూసి ఇంక తడారని పసుపు.
అలవాటుకొద్ది వాసన జూడవోయిన:
టేకైతే నూనె, యాపైతే చేదు,
ఏగిసైతే వాన వడ్డ మట్టి.
ముసల్లం నా మణికట్టు ఒడిసివట్టిండు.
యురేనియం, అన్నడు.
చెట్టు కూలి ఇసుకల మురుగుతుంటే
నీళ్లల్ల కలిసి తన దారిన తాను వోయేది
ఆ మురుగు కాడ ఆగిందట.

చిన్న మిషిని తెచ్చి దగ్గర వెట్టిండు.
టిక్. టిక్‌టిక్. కొంచెంసేపు ఏం లేదు. టిక్.

ఈ సప్పుడు నాకు ఎరుకే.
పాత దూలాలు కొనవోయినప్పుడు
మా నాయిన చెవి ఆనిచ్చి ఇనేటోడు.
"పుప్పి వట్టింది, ఇనవడ్తలేదా?" అనేటోడు అమ్మేటోనితోని.
లేని పురుగును గూడ ఇనిపిచ్చేటోడు
రేటు దిగేదాంక.
ఎన్నేండ్ల సంది కొరుకుతున్నది ఈ పురుగు, అని అడిగిన.
ముసల్లం లేని ఇసుకను గుప్పిట్ల వట్టి
మెల్లగ ఇడిసిండు.

నలభై రెండు పెట్టెలు చేసిన.
లోపట సీసం రేకు. మూలలకు మేకు లేకుంట
పండ్లకు పండ్లు కుదిరిచ్చిన.
కట్టెకు కట్టెతోని ఇల్లు గట్టిన వడ్లోన్ని నేనొక్కన్నే ఉంట.
మూతల మీద ఆయన రాసుకుంటడు:
ఏడ దొరికింది, ఎవలకు దొరికింది,
బరువెంత, నిమిషానికెన్ని టిక్కులు.

ఒక శుక్రారం నన్ను గూడ ఎడారికి తీస్కవోయిండు.
వంగి వంగి నడుము వోయింది.
మాపటీలికి నాకొకటి దొరికింది, కందికాయంత.
చెప్పలే. జేబుల ఏసుకున్న.
ఎందుకు చెప్పలేదో ఇప్పటికీ తెలువది.
క్యాంపుల దిండు కింద దాస్తే లింబాద్రి జూసిండు.
పసుపురాయి మంచిదే అని
గోడకున్న అంజన్న ఫోటో ముంగట వెట్టి
అగరొత్తి ముట్టిచ్చిండు.
ఐదు దినాలు మొక్కిండు. లీవు మంజూరు గాలె.

మల్ల శుక్రారం గదిల అడుగువెట్టిన్నో లేదో
మిషిని కొరుకుడు షురూ జేసింది.
ముసల్లం నన్ను జూడలే, మిషిన్నే జూసిండు.
ముందుగాల సబ్బు జూపెట్టిండు.
తర్వాత, దీన్ని పెట్టుకోని ఏడ పండుకుంటవు? అన్నడు.
కోపంతోని గాదు. డాక్టరు అడిగినట్టు.

నలభై మూడో పెట్టె ఆ మాపే చేసిన.
ఎవలకు దొరికింది అనే కాడ ఆయన కలం ఆగింది.
నీ పేరేంది?
ఓదేలు.
మల్ల జెప్పు.
ఓ. దే. లు.
కుడికెళ్లి ఎడమకు నాలుగు వంకర్లైంది.
ఇదేనా, అని అడిగిండు. నాకు సదువస్తదా?
అదే, అన్న.

రాత్రి క్యాంపుల ఇనుప మంచం మీది పలకకు
చెవి ఆనిచ్చిన, చానసేపు.
ఏం లేదు.
కంపెనీ ప్లైవుడ్డు.
దీన్ని పురుగు గూడ ముట్టది.