ఊకె వచ్చేటోళ్లు

మన్ననూరు చెక్‌పోస్టు కాడ
ఆదివారం పొద్దుగాల
ఎనిమిది మందిమి దిగినం.
గోనె సంచులు, రెండు పారలు, చీపుర్లు,
నుస్రత్ తెచ్చిన సొంఠి చాయ్ ఫ్లాస్కు.

ముప్పై ఒక్క ఏండ్లు
ఈ దారి నాకు కిటికీలకెల్లి తెలుసు.
అచ్చంపేట డిపో, శ్రీశైలం సర్వీసు.
టికెట్లు కొట్టుడు, విజిలేసుడు,
ఘాట్‌ల కడుపు తిప్పిన పిల్లగానికి నిమ్మకాయ ఇచ్చుడు.
అడవంటే అప్పుడు నాకు
ఫోన్ల సిగ్నల్ పోయే జాగ.
గంతే.

రిటైరయినంక
నడుం వంచి చూస్తున్న దాన్ని.

నీళ్ల సీసాలు, చిప్స్ కవర్లు,
ఒక చెప్పు, చిన్నపిల్లది, ఎడమ కాలిది,
మోదుగాకుల కింద సగం పూడిన డైపరు.
హరియా నోట్‌బుక్కుల గీతలు గీస్తడు,
ఇంటర్ పిల్లగాడు, లెక్కల పిచ్చి వానికి.
"కిలోమీటరుకు రెండు వందల పద్నాలుగు" అంటడు,
ఆగి, నా కాలి కిందికి చూసి,
"పదిహేను, కాకా."

మా సంఘానికి రబ్బరు ముద్ర ఉంది,
టోపీల మీద వలంటీరు అని అచ్చు ఉంది.
మండ్లి ఈదన్నకు ఆ మాట నోరు తిరగది.
"ఊకె వచ్చేటోళ్లు" అంటడు మమ్మల్ని.
ఆయనకు టోపీ లేదు.
తాతల కాన్నుంచి ఈ గట్టు మీదనే ఉన్న మనిషికి
ఏమని అచ్చు కొట్టియ్యాలె?

పోయిన ఎండల్ల ఒక కణితి పడిపోతే
డాక్టరు కోసి చూసిండట.
"కడుపుల గడ్డి లేదు సారూ,
కిరాణా దుకాణం ఉంది" అన్నడు ఈదన్న.
అని నవ్విండు.
మేమెవ్వరం నవ్వలె.

రోడ్డు ఇడిసి అర మైలు లోపలికి
భూమిల పాతిన సిమెంటు పళ్లెం.
పాచి గీకినం, బురద ఎత్తినం,
డబ్బాలతోని నీళ్లు మోసి పోసినం.
పని అయిపోయిందనుకున్న.
ఈదన్న ఎండుపుల్ల ఒకటి తెచ్చి
నీళ్లకు అడ్డంగ పెట్టిండు.
"ఈగలు తాగనీకొస్తయి. పడితె ఎక్కి రావాలె గదా."
తేనె తీసే చెయ్యి అది.
పళ్లెం అంచుకు, తడి మట్టి మీద,
నా అరచేతికన్న పెద్ద అచ్చు ఒకటి.
ఈదన్న దాని పేరెత్తలె.
తొక్కకుండ చుట్టూ నాలుగు రాళ్లు పెట్టిండు.
ఆడికెల్లి నుస్రత్
ఇంటికి పోయేదాంక గుసగుసలనే మాట్లాడింది.

మధ్యాహ్నం మంట గీత ఊడుస్తున్నం.
అడవిని చీపురుతోని ఊడిస్తే ఎట్లుంటదో చెప్పలేను,
వెనక్కి తిరిగేసరికి
నల్లమద్ది మళ్ల నాలుగాకులు రాలుస్తది.

అప్పుడొచ్చింది మా డిపో బస్సు.
మూడో కిటికీల నుంచి ఒక చెయ్యి,
చేతిల నుంచి సీసా.
నా జేబుల విజిల్ ఇంకా ఉంది, అలవాటు పోలె.
ఒక్కటే ఊదిన.
డ్రైవరుకు గూడ అలవాటు పోలె,
కాలు బ్రేకు మీద పడ్డది.

ఆగిన బస్సు నిండ మొఖాలు.
ఏం అనాల్నో నాకు తెల్వలె.
ఉపన్యాసం ఇయ్యనీకె రాదు నాకు,
చిల్లర అడగనొస్తది.
ఫుట్‌బోర్డెక్కి సంచి నోరు తెరిచి
"ఎవలియ్యాలె ఇంక, ఇయ్యిండ్రి" అన్న.

జాతర్ల రద్దీల
టికెట్ పైసలు చేతులు మారి వచ్చినట్టు
వెనక సీట్లకెల్లి వచ్చినయి సీసాలు.
ఒక ముసలామె మాత్రం ఇయ్యలె.
"దీంట్ల నీళ్లున్నయి బిడ్డా" అని
ఒళ్లోకి గుంజుకున్నది.
కండక్టరు పిల్ల నవ్వు ఆపుకుంటున్నది.

దిగి, రెండు విజిల్లు.
రైట్ రైట్.

మూల మలుపుకాడ
ఏందో తళుక్కున ఎగిరి పొదల పడ్డది.
హరియా పెన్ను తీసిండు.

ఎండ వాలినంక సంచులు కట్టి కూసున్నం.
ఈదన్న చాయ్ తాగి
గ్లాసు కడిగి నుస్రత్‌కు ఇచ్చిండు.
"మల్ల ఆదివారం
ఊకె వస్తరా?" అన్నడు.