నీళ్ళు నమిలే గీత

మంగళవారం రాత్రుళ్ళు, అగ్నిమాపక కేంద్రం మేడ మీద,
ఎర్ర ఇంజన్ల నెత్తిన మా బొమ్మల క్లాసు.
పన్నెండు కుర్చీలు, తొమ్మిది మందిమి,
వాల్పరైసో సముద్రపు గాలికి
పళ్ళు టకటకలాడించే ఒక్క కిటికీ.

బల్తసార్ మాస్టారికి నా చిన్నకొడుకు వయసుంటుంది.
మొదటి రోజే బిస్కెట్ల డబ్బా ఒకటి తిప్పాడు,
చందా వసూలు చేసినట్టు,
రబ్బర్లన్నీ అందులో వేయమని.
నాది కొత్తది, పైకాగితం కూడా విప్పలేదు.
వేశాను. డబ్బా నా కుర్చీ దాటేదాకా
దాన్నే చూస్తూ కూర్చున్నాను.

తర్వాత పెన్సిళ్ళూ లాక్కుని తలా ఒక పెన్ను ఇచ్చాడు.
"రెండు చుక్కలు పెట్టండి.
ఈ చుక్క నుంచి ఆ చుక్కకి వెళ్ళండి. అంతే."

అంతేనట.

నా గీత బయల్దేరింది.
జానెడు దూరం. దారిలో మూడుసార్లు ఆగింది,
తలుపుకి తాళం వేశానా లేదా అన్నట్టు
వెనక్కి తిరిగి చూసుకుంది.
నీళ్ళు నమిలింది.
దాన్ని సరిచేయడానికి పైన ఇంకోటి గీశాను,
ఆ రెండో దాని పరువు కాపాడటానికి మూడోది.
మాస్టారు వంగి చూశాడు.
"దోన్యా ఒటిలియా, మీ గీతకి బొచ్చు మొలిచింది."
అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.
ఇంటికెళ్ళే నూట అరవై రెండు మెట్ల మీద
నవ్వు రాలేదు.

"వేళ్ళతో కాదు, భుజంతో గీయండి.
కాగితం తాకకుండా గాల్లో రెండుసార్లు ఊపండి,
మూడోసారికి దించండి.
చూపు పెన్ను మీద వద్దు,
చేరాల్సిన చోటు మీద ఉంచండి."
ఇలాంటివి చాలా చెప్తాడు. జీతం తక్కువ కాబోలు.

చేపల బిల్లుల వెనకవైపు
రోజుకో పేజీ, పడుకోబోయే ముందు.
ఇరవై రోజులు. బొచ్చు, బొచ్చు, బొచ్చు.
ఉల్లివాసన, ఉప్పువాసన, సిరావాసన.
బజారులో అందరూ నన్ను
చెయ్యి తిరిగిన మనిషి అంటారు.
ఆ చెయ్యి పెన్ను పట్టగానే
ఎటు తిరగాలో మర్చిపోయేది.

శుక్రవారం పొద్దున్న, హోటలువాళ్ళ ఆర్డరు.
మూరన్నర కొంగ్రియో చేప,
ఎర్రటి తోలు, నోట్లో ఇంకా మంచుముక్క.
మొప్ప వెనక కత్తి మోపబోయి చూసుకున్నాను:
కత్తి ఊగుతోంది. గాల్లో.
ఒకసారి. రెండోసారి.
నా కళ్ళు కత్తి మీద లేవు, తోక మీద ఉన్నాయి.
మోచెయ్యి ఒంటికి అంటుకుని లేదు.
ముప్పై ఒక్క ఏళ్ళుగా నేను చేస్తున్నది ఇదా!
కత్తి దిగింది, వెన్నెముక వెంట
ఒక్క పోటున తోకదాకా పోయింది,
చేపకి కూడా తెలిసినట్టు లేదు.

ఆ తర్వాతి చేప మాత్రం పాడైంది.
గమనించాను కదా మరి.
హోటలువాడికి సగం ధరకిచ్చాను.

మంగళవారం కుర్చీ పక్కకి తోసి నిలబడ్డాను.
కూర్చుని చేప కోసేవాళ్ళని నేనెరగను.
ఊపాను. ఊపాను. దించాను.
గీత వెళ్ళింది, శ్వాస తీసుకోకుండా,
నల్లగా, నున్నగా, ఒంటరిగా,
వెళ్ళి చుక్కని తప్పింది.
రెండు వేళ్ళ ఎడం.

మాస్టారు చాలాసేపు చూశాడు.
నా చేతిలోంచి పెన్ను తీసుకుని
గీత ఆగిన చోట కొత్త చుక్క పెట్టాడు.
"చేరింది," అన్నాడు.

"చేపల బజారులో దీన్ని మోసం అంటారు,"
అని పెన్ను లాక్కున్నాను.

కొత్త కాగితం. రెండు చుక్కలు,
ఈసారి మరింత దూరంగా.
కింద ఇంజనొకటి ఎక్కడికో బయల్దేరింది,
మేడంతా అదిరింది, కిటికీ ఏడ్చింది,
పక్కన ఫాబియోలా గీత ఎటో జారిపోయి
వాళ్ళమ్మ మీద ఒట్టేసి తిట్టుకుంది.

నా పెన్ను ఇంకా గాల్లోనే ఉంది.
ఒకటి.