ఏడో నమూనా

లెస్టర్‌లో, సోర్ నది పక్కన,
ఒకప్పుడు మేజోళ్ళు అల్లిన మిల్లు. మూడో అంతస్తు.
కింద ఇప్పుడు టైర్లు అమ్ముతారు.
పైన మేం బాడీలు కుడతాం.
ఆ మాట మా అమ్మది. బ్రా అనడానికి ఆవిడకి నోరు రాలేదు.
నేను రోజుకి వందసార్లు అంటాను, జీతం తీసుకుని.

తొడిగి చూసేది గ్లెనిస్ వాగ్‌స్టాఫ్,
బస్సు డ్రైవరు, యాభై ఎనిమిదేళ్ళు.
మలుపు తిప్పినప్పుడల్లా కుడి చంక కింద తీగ పొడుస్తోందని
ఆరు నమూనాలూ వెనక్కి కొట్టింది.
"చేతులు దించి నిలబడితే బానే ఉంటుంది, బాతూ,
నాది నిలబడే ఉద్యోగం కాదుగా."
(ఈ ఊళ్ళో ప్రేమగా పిలవాలంటే బాతూ అంటారు.)

చెక్కబొమ్మకైతే మొదటిదే సరిపోయింది.
బొమ్మ ఊపిరి తీయదు.
దానికి ఎడమదీ కుడిదీ ఒకటే.

గ్లెనిస్ భుజాల మీద రెండు పల్లాలు,
ఎద్దు మెడ మీద కాడి రాసిన చోటులా.
నా చిటికెనవేలు అడ్డంగా పెడితే
అందులో పడుకుంటుంది.
బరువు భుజానిది కాదు, వీపు చుట్టూ తిరిగే పట్టీది:
ఈ ఒక్క ముక్క గుడ్డకి నచ్చజెప్పడానికి
పదహారు కాగితాలు కత్తిరించాను.

చీరాలలో బట్టల కొట్టాయన
మొహంలోకి చూడకుండా, సైజు అడక్కుండా
పేపర్లో చుట్టి ఇచ్చేవాడు.
అమ్మకీ పిన్నికీ మేనత్తకీ నాకూ
ముప్పై నాలుగే.
ఇంటిపేరులా, గోత్రంలా, ముప్పై నాలుగు.
ఉతికి, దండెం మీద తువాలు కింద దాచి ఆరేసేవాళ్ళం.
అది ఆరేది కాదు.
సగం తడిదే తొడుక్కుని, రేగిన చోట
పౌడరు అద్దుకుని, కాలేజీకి.

ఇక్కడ ఆరు నమూనాలూ కిటికీకి వేలాడుతున్నాయి,
దొరికిన కాసింత ఎండలో,
టైర్లకొచ్చినవాళ్ళు తలెత్తితే కనబడేలా.
మొదటి నెల తెర లాగేదాన్ని.
తర్వాత తెర ఎక్కడ పెట్టానో మర్చిపోయాను.

ఇవాళ ఏడోది.
గ్లెనిస్ తొడిగి కుర్చీలో కూర్చుంది.
గాల్లో స్టీరింగు పట్టింది.
నార్‌బరో రోడ్డు మలుపు తిప్పింది.
అడ్డొచ్చిన సైకిలువాణ్ణి తిట్టింది.
నా నోట్లో గుండుసూదులు.
ఇంకో మలుపు.
నిన్న రాత్రి ఆఖరి బస్సులో
చేపలతొట్టితో ఎక్కిన ముసలాయన కథ మొదలెట్టింది,
నీళ్ళు తొణికిన చోటికి వచ్చేసరికి
ఒంటి మీద ఏముందో ఆమెకి గుర్తు లేదు.

నాకు ఉంది. అక్కడే ఆపి రాసుకున్నాను.

"మరి నీదెంత?" అంది కథయ్యాక.
ముప్పై నాలుగు, అన్నాను, సూదుల మధ్య నుంచి.
టేపు లాక్కుంది.
చల్లటి టేపు, బండి తోలే చేతులు.
"ముప్పై," అంది. తర్వాత, నేను ఎందరికో రాసి
నాకెప్పుడూ రాసుకోని ఓ అక్షరం చెప్పింది.
పద్దెనిమిదేళ్ళు, ఈ గదిలో, మెళ్ళో టేపుతో.
నవ్వొచ్చింది. తర్వాత మరొకటేదో వచ్చింది,
కత్తెర వెతుకుతున్నట్టు అటు తిరిగాను.

షిఫ్టుకి వేళయిందని గ్లెనిస్
చొక్కా, కోటు వేసుకుని, మెట్లు దిగి పోయింది.
కాసేపటికి గానీ తట్టలేదు నాకు.
రిజిస్టరు తీసి రాశాను:

నమూనా ఏడు. తిరిగి రాలేదు.