తడిక మూసి వెళ్ళాలి

పటంలో దారి ఎర్రగా, ఎక్కడా తెగకుండా ఉంది.
మహేంద్రగిరి భుజం మీంచి మొదలై
పడమటి కొండల వెన్నంటా పదహారు రోజుల నడక.
గీసినవాళ్ళు భువనేశ్వర్‌లో ఫ్యాను కింద గీశారు.
దాని మీదికి ఎక్కడ ఎక్కాలో మాత్రం
గియ్యడం మరిచిపోయారు.

అందుకే నన్ను పెట్టుకున్నారు.
రోజుకి ఆరువందలు, బస్సు చార్జీలు వేరు,
పసుపు రంగు డబ్బా, రెండంగుళాల కుంచె,
గళ్ళ నోటుపుస్తకం ఒకటి.
పర్లాకిమిడిలో పుట్టినదానికి
మూడు భాషలూ వచ్చుననుకున్నారు.
రెండే వచ్చు. సవర నాకు
సంతలో అల్లం కొనేంత:
ఎంత, వద్దు, ఇంకోటి వెయ్యి.

మొదటి దారి కండక్టర్ చెప్పాడు,
సెరంగో బస్సులో, టిక్కెట్టు చింపుతూ, నా వంక చూడకుండా.
"కల్వర్టు దాటాక సిమెంటు శిలువ ఉంటాది, దిగిపోండి.
ఎదురుగా మంచి దారొకటి కనపడతాది. అది కాదు.
దాని పక్కన దారిలా లేనిదొకటుంటాది."
అదే.

రెండోదాన్ని వాగు తినేసింది.
మూడోది జీడితోటలోకి పోయి
ఒక ముసలి ఎద్దు ముందు ఆగిపోయింది.
నాలుగూ ఐదూ ఒకటే దారి, పేర్లే రెండు.
రెండుసార్లు ఎక్కి, అదే చింత కింద
రెండుసార్లు ఆయాసపడ్డాక గాని తెలీలేదు.

తరవాత యోనా రయితా తోడొచ్చాడు.
ఆదివారం చర్చిలో డోలు వాయించేవాడు,
నడిస్తే మాత్రం ఎండుటాకు కూడా పలకదు.
"పైకి దారేది?" అంటే తెల్లమొహం వేసేవాడు.
ఏ ఊళ్ళో ఎవరినడిగినా అంతే.
మూడో రోజు గట్టు మీద చోడంబలి తాగుతూ
ఊరికే అన్నాను: "ఇక్కణ్ణించి కిందికెలా దిగుతారు?"

గిన్నె పక్కన పెట్టి చెయ్యెత్తాడు.
అది చింతపండు గంపల దారి, సంత రోజున.
ఇది రేషను బియ్యానిది, వంకలెక్కువ, మోకాళ్ళకి మంచిది.
బడి పిల్లలది నిట్టనిలువు, జారుకుంటూ పోతారు.
ఆ పొదల్లోది
మా వదినని మంచం మీద మోసిన దారి,
నొప్పులు, రాత్రి, వాన.
నేను అడగలేకపోయాను. అతనే చెప్పాడు:
"ఆ పిల్లడు ఇప్పుడు ఆరో క్లాసు."
దానికీ నంబరు వేద్దామా అన్నాను.
"అదొద్దు. అది మాకుండనీ."

తొమ్మిదో ఊరి మలుపులో
నడుమెత్తు రాయి, చుట్టూ ఇంకొన్ని.
బాణం గుర్తుకి ఇంతకంటే చోటు దొరకదు.
మూత తీశాను. కుంచె ముంచాను.
"అది మా ఆయన," అంది వెనకనించి ఒక గొంతు.

సొంబారి గమాంగో. నెత్తిన అడ్డాకుల మోపు.
పలాస జీడి ఫ్యాక్టరీలో నేర్చిన తెలుగు.
పక్కది ఆయన తండ్రి, ఆ వొరిగింది తండ్రికి అన్న.
దున్నపోతుని కోసి, చుట్టాలందరికీ వండి పెట్టి
నిలబెట్టిన రాళ్ళు.
కుంచె కొసనించి ఒక చుక్క
నా చెప్పు మీద పడింది.
వంగి తుడుచుకోడానికి కూడా సిగ్గేసింది.

ఆవిడ కోప్పడలేదు. మోపు దింపి ఊపిరి తీసుకుంది.
ఈ మలుపు రెండు వానలకి జారిపోతాదంది.
తన పసుపు మడి పక్కనించి పోతే
గట్టుకి పావుగంటంది.
కంచె గుంజకి వేసుకోమంది బాణం.
చిన్నది వేశాను.
"పెద్దదెయ్యి," అంది, "మా మేకలకీ కనపడాల."

రాత్రి టార్చి వెలుగులో రాసుకున్నాను:
తొమ్మిది. బస్సు దిగాక నలభై నిమిషాలు.
నీళ్ళు బోరింగులో, మధ్యాహ్నం దాకా.
రాళ్ళ దగ్గర కూర్చోవద్దు, సంచులు ఆనించవద్దు.
మడి గట్టు మీదే నడవాలి.
తడిక మూసి వెళ్ళాలి.

ఒడియాలో రాశాను. తెలుగులో రాశాను.
సవర, యోనా పలుకుతుంటే,
తెలుగు అక్షరాల్లోనే, తప్పులతో.
చివరి వాక్యం దగ్గర ఆగిపోయాడు.
"ఇది మావాళ్ళకి రాయక్కర్లేదు,"
అని డోలు వాయించే వేలితో
పేజీ మీద రెండుసార్లు కొట్టి
పడుకున్నాడు.