రెండు ఆడవి, ఒక మగది

అరచేతిలో ఇమిడే గోనె సంచి.
అందులో రెండు గుప్పిళ్ళ సజ్జలు, చిటికెడు పిండి,
పాతిక పురుగులు.
ఆపైన గాజు గొట్టంలోంచి మెల్లగా ఊది వదులుతాను
చీమంత కందిరీగల్ని:
రెండు ఆడవి, ఒక మగది.
"మన ఇంటి లెక్కే" అంటుంది నా సవతి జువైరా
దబ్బనం పళ్ళ మధ్య పెట్టుకుని.

మరాదికి ఉత్తరాన ఈ నెలలో
ఏ గాదె తట్టినా డప్పులా మోగుతుంది.
గంజిలో గింజలు వెతుక్కోవాలి.
జువైరా కొడుకు ఇల్యాసు నా చేతిని చూస్తాడు,
చేతిలో సజ్జల్ని చూస్తాడు.
"పురుగులకి పెడుతున్నావా, పెద్దమ్మా?"

జవాబు తెలుసు నాకు. నోరు రాలేదు.
కాసిని గింజలు వాడి దోసిట్లో పోశాను.
ఆ ఒక్క సంచీ కాస్త తేలికగానే కుట్టాం.

రాత్రి సంచిని చెవికి ఆనిస్తే ఏమీ వినపడదు.
లోపల జరిగేది చప్పుడు లేని పని.
ఆడది పురుగు మీద వాలి ఒక్క పోటు పొడుస్తుంది.
పురుగు చావదు. కదలదు.
దాని ఒంటిమీదే గుడ్లు పెట్టి తన దారిన తను పోతుంది.
పిల్లలు బతికున్న భోజనం మీద నోళ్ళు తెరుస్తాయి.
నేర్పడానికొచ్చిన అమ్మాయి భూతద్దం ఇచ్చిన రోజు
నాకు ముద్ద దిగలేదు.
ఇప్పుడు చూస్తూనే తింటాను.
దీన్ని నేర్పంటారో ఇంకేమంటారో.

లవాలీ ముసలాయన కొననన్నాడు.
"పురుగు పడ్డ ఏడు పురుగుల్నే అమ్ముతారా ఇద్దరూ?
నా చేనుకి నా తాయెత్తు చాలు."
చుట్టుపక్కల వాళ్ళు చందా వేసుకుని
పదిహేను సంచులు కొని చూరులకి వేలాడదీశారు.

ఎనిమిదో పొద్దున గోనె కన్నాల్లోంచి
దుమ్ము లేచినట్టు లేచాయి.
ఒక్కటీ మావైపు తిరిగి చూడలేదు.
ఎగిరేదానికి గట్టేం తెలుసు?
డబ్బిచ్చిన చేనా, ఇవ్వని చేనా అని అడగదు,
పురుగు వాసన తగిలితే చాలు.

కోతలనాడు లవాలీ కంకి పట్టుకొచ్చాడు,
మనవడి తల నిమిరినట్టు నిమురుతూ.
నిరుడైతే కంకి నిండా పురుగు తొలిచిన మరమెట్లు.
ఈసారి రెండు చుట్లు తొలిచి ఆగిపోయింది,
మెట్లెక్కుతూ ఏదో మరిచిన మనిషి
నడిమధ్యలో నిలబడిపోయినట్టు.
"చూశారా, తాయెత్తు!" అన్నాడు.

జువైరా నావైపు చూసింది.
ఇద్దరం ఒకే మాట మింగడం
పదహారేళ్ళలో అదే మొదలు.

ఆయన మలుపు తిరిగాక
సూదిలో దారం ఎక్కిస్తూ అంది:
"వచ్చే ఏడు సంచికి తోలుముక్క అంచు వేసి
తాయెత్తని ఇస్తే,
ఎంత చెబుదామంటావు?"