రెండు మెట్ల మధ్య

సోలోలాకి వీధిలో వాన.
వణికే ఇనపమెట్లు నలభై రెండు ఎక్కి
తలుపు తట్టాను.
వఖుష్తి ముసలాయన నా సంచీ వైపు చూశాడు.
"మళ్ళీ దొంగ తూకం వేయడానికొచ్చావా, ఎతేరీ?"

ఏటా రెండుసార్లు వస్తాను.
రెండుసార్లూ ఇదే మాట.

మూత తీస్తే నాఫ్తలీను, పాత ఉన్ని,
ఎప్పుడో ఎండిపోయిన దానిమ్మ తొక్క.
బిగిస్తాను. వింటాను. కాస్త సడలిస్తాను.
రెండు తంత్రులు ఒకటి కాబోయే ముందు
వాటి మధ్య ఒక అల కొట్టుకుంటుంది,
జ్వరం దిగుతున్న పిల్ల నాడిలా
నెమ్మదిస్తూ, నెమ్మదిస్తూ.

అడిగినవాళ్ళకు కూడా చెప్పని సంగతి ఒకటుంది.
మచ్చలేని పంచమాలు పన్నెండు
ఒకదాని మీదొకటి పేర్చుకుంటూ పోతే
బయల్దేరిన ఇంటికి చేరం,
వెంట్రుకవాసి దాటిపోతాం.
ఆ వెంట్రుకను పన్నెండు చీలికలు చేసి
పన్నెండు గడపల కింద దాచడమే నా వృత్తి.
ఏ స్వరానికీ పూర్తి నిజం దక్కదు.
అన్ని పాటలకూ చోటు దక్కుతుంది.

ఇది అందమా, రాజీయా?
పదహారేళ్ళప్పుడు మా గురువును అడిగాను.
"టీ చల్లారిపోతోంది" అన్నాడాయన.

పని అయ్యాక
ముసలాయన గొంతు సవరించుకున్నాడు.
స్వనేతి కొండల్లో
వాళ్ళ నాన్న శవపేటిక చుట్టూ నిలబడి
మగవాళ్ళు మూడు గొంతులుగా పాడిన ఏడుపు,
ఒక్క మాటా లేనిది.
"నడిమి గొంతు నాది. ఇది పలికించు చూద్దాం."

ఈ మెట్టు నొక్కాను, కింద పడింది.
పక్క మెట్టు నొక్కాను, పైకి పోయింది.
చీకట్లో ఉందనుకున్న మెట్టు మీద అడుగేస్తే
కాలికి గాలి తగిలినట్టు.

"మీ స్వరానికి ఇందులో మెట్టు లేదు."
"పెట్టెలో లేదు. నా గొంతులో ఉందిగా?"
"దాన్ని ఇరికిస్తే మిగతావన్నీ అపశ్రుతులవుతాయి."
"ఇప్పుడు కావా?"

జవాబు వెతుక్కుంటూ
శ్రుతిదండం గుడ్డలో చుడుతున్నాను.
ఆయన మళ్ళీ ఎత్తుకున్నాడు.
కింది గొంతువాడు యుద్ధంలో పోయాడట,
పైగొంతు తమ్ముడిది, పోయిన మాఘంలో.
రెండు ఖాళీల మధ్య
ఆ ఒక్క స్వరం, దేనికీ ఆనుకోకుండా.

నేను పాడను. చెవులు అద్దెకిచ్చుకునేదాన్ని.
అయినా ఎప్పుడు మొదలుపెట్టానో,
ముక్కుతోనే, కింది గొంతు.
తప్పింది. కొంచెం జారాను. ఇంకొంచెం.
మా ఇద్దరి మధ్యా కొట్టుకుంటున్న అల
ఆగిపోయింది.
ముప్పై ఏళ్ళ నా వృత్తిలో
నేను ఆపనివ్వని అల.

ఎంతసేపో తెలీదు. కిటికీలో వాన వెలిసింది.
ఇద్దరం ఒకరినొకరు చూసుకోలేదు.

మడతపెట్టిన నోట్లు చేతిలో పెట్టి తలుపేసుకున్నాడు.
కింద వీధిదీపం దగ్గర లెక్కపెట్టాను.
ఐదు లరీలు తక్కువ.
మెట్లవైపు ఒకసారి చూసి
గొడుగు తెరవకుండానే నడిచాను.